పుంగనూరులో అల్లి కుప్పంలో విప్పిన స్వెట్టర్

పోయిన నెల మా బస్సు పలమనేరు దాటాక వెనక సీట్లో ఒకాయన పక్కవాడికి ఒక కథ చెబుతున్నాడు. పుంగనూరులో ఒక ముసలామె ఊలుకు మందు పెట్టి, దానితో స్వెట్టర్ అల్లి, కుప్పంలో ఉన్న చెల్లెలికి పంపేదట. చెల్లెలు తెలివైనది కాబట్టి తొడుక్కోకుండా విప్పి, మంత్రం తీయించి, ఆ ఊలునే తిప్పి పంపేదట. చివరికి మందు తిరగబడి పెద్దామే పోయిందట. నేను టికెట్లు కొడుతూ అంతా విన్నాను. ఆ స్వెట్టర్ మోసింది నేనే అని చెప్పబోయి ఆగాను. బస్సులో చెప్పిన మాట స్టేజీ రాగానే దిగిపోతుంది. అందుకని రాస్తున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆపైన చదివిందంతా మదనపల్లె గ్రంథాలయంలో, డ్యూటీ లేని రోజుల్లో. పుంగనూరు పొట్టి ఆవుల మీద పుస్తకం చదివాను. ఇక్కడి జమీందార్ల మీద చదివాను. మా ప్రాంతపు చెరువుల గురించి, శాసనాల గురించి ఆ బీరువాల్లో ఉన్నవి దాదాపు అన్నీ చదివాననే అనుకుంటున్నాను. వాటిలో ఆమె గురించి ఒక్క ముక్క లేదు. ఉండడానికి ఆమె చేసిన ఘనకార్యమూ లేదు. ఒకే స్వెట్టర్‌ను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అల్లింది, అంతే. అయినా ఒక మనిషి గురించి తప్పుగా చెప్పుకుంటున్నప్పుడు, సరిగా తెలిసినవాడు కాగితం మీద పెట్టాలి. పుస్తకాలు చదివితే నాకు అబ్బిన బుద్ధి అది.

మా బస్సు మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పం పోతుంది. పుంగనూరు బస్టాండులో టీ తాగేంత సేపు ఆగుతుంది. అక్కడి సిమెంటు బెంచీ మీద ఆమెను మొదటిసారి చూశాను. పొడుగు మనిషి, ఎముకల గూడు, ముక్కు మాత్రం నిండుగా ఉంది. చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది. ఒడిలో రంగు రంగుల ఊలు చిలపలు, అంటే వదులుగా చుట్టి కట్టిన దారపు కట్టలు. నేను టీ గ్లాసు దించగానే పిలిచింది.

"ఓ కండక్టరప్పా, సేతులు ఖాళీగా ఉండాయా?"

ఉన్నాయన్నాను.

"అయితే సాపు."

చాపాను. నా రెండు చేతులకూ ఒక చిలప తగిలించి, కొస పట్టుకుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. మెడలో టికెట్ మిషను, భుజాన సంచి, చేతులు గాల్లో. మా డ్రైవరు రెడ్డెప్ప చూసి ఒకటే నవ్వు.

"ఏందవ్వా, మా కండక్టరుకు బేడీలేసినావే! ఏం దొంగతనం సేసినాడు?"

"ఇంగా తెలీదప్పా. అడగతాండా," అంది.

నిజంగానే అడిగింది. అది ఆమె పద్ధతి అని తర్వాత తెలిసింది. చేతులకు చిలప ఎక్కిన మనిషి అది అయ్యేదాకా కదల్లేడు. గోక్కోవడానికి కూడా లేదు. ఆ సేపట్లో ఆమె ఊరు, పెళ్లి, రోగం, అలిగిన బంధువులు అన్నీ రాబట్టేది. టమోటా మండీ నుంచి వచ్చే రైతులు, కాలేజీ పిల్లలు, ఒకసారి ఒక హెడ్డు కానిస్టేబులు కూడా ఆ బెంచీ ముందు చేతులు చాపుకుని, ఎక్కడా చెప్పని సంగతులు చెప్పడం చూశాను. ఆ రోజు నాతో చెప్పించింది ఏమంటే, నా భార్య అలిగి కురబలకోటకు వాళ్ల అమ్మ దగ్గరికి పోయిందని.

"యాల అలిగింది?"

"ఇంట్లో పుస్తకాలు ఎక్కువైపోయాయంట."

ఆమె ఉండ చుట్టడం ఆపలేదు. "పుస్తకాలు అట్టం మీదికి ఎక్కించు. ఆయమ్మిని పిలుసుకోని రా. రెండూ తిరగేసి సేసినావు నువ్వు."

చిలప అయిపోయింది. చేతులు దించుకున్నాను. ఆ వారమే పుస్తకాలు అటకెక్కించి, కురబలకోట పోయి వచ్చాను.

బస్సువాళ్లం ఆమెను పెద్దామె అనేవాళ్లం. ఆమె చెల్లెలు చిన్నామె. ఇద్దరి అసలు పేర్లూ నాకు తెలుసు. ఎందుకు రాయడం లేదో చివర చెబుతాను.

పెద్దామె ఎక్కడైనా అల్లేది. బస్సులో సీటు దొరక్కపోతే, కమ్మీ పట్టుకోకుండా నడుము సీటుకు ఆనించి నిలబడే అల్లేది. మలుపుల్లో పక్కవాళ్లు పడ్డారు గానీ ఆమె పడటం చూడలేదు. ఆమె సూదులు జోడీ కావు. ఒకటి పాతకాలపు ఉక్కు సూది, ఒక కొసన చిన్న బొడిపె ఉంటుంది. రెండోది గొడుగు కమ్మి. మొన రాతి మీద అరగదీసి, రెండో కొసకు లక్క ముద్ద అంటించింది. సూది సన్నం, కమ్మి లావు. కొత్త జోడీ కొనుక్కోవచ్చు గదా అన్నవాళ్లను పై నుంచి కింది దాకా ఒక చూపు చూసేది.

చారలకు ఆమెది ఒకటే నియమం. "దారం అయిపోయిన కాడనే సార అయిపోవాల." ఎర్ర ఊలు నాలుగు వరసలకు వస్తే నాలుగు వరసల ఎరుపు. వరస మధ్యలో అయిపోతే వరస మధ్యలోనే పసుపు మొదలు. చారలు సమంగా ఉండాలని ఉన్న దారాన్ని కత్తిరించడం ఆమెకు గిట్టదు. అందువల్ల ఆమె అల్లినదానిలో ఏ రెండు చారలూ ఒక వెడల్పున ఉండేవి కావు.

దీపావళి దాటి చలి పట్టాక ఒకరోజు నా చేతికి ఒక గుడ్డ సంచి ఇచ్చింది.

"కుప్పం బస్టాండులో మా సెల్లెలొస్తాది. దాని సేతిలో పెట్టు. మా కోడలు పోను సేసింటాది వాళ్లకు."

"ఆమెను నేను గుర్తుపట్టేదెట్ల?"

"నా ముక్కే ఉంటాది. మొండితనం ఎక్కువుంటాది. దూరం నుంచే తెలస్తాది."

తెలిసింది. చిన్నామె పొట్టిగా, గుండ్రంగా ఉంది. ముక్కు మాత్రం అదే. సంచి అందుకుని అక్కడే, బస్సు పక్కనే, స్వెట్టర్ బయటికి తీసింది. లోపలి వైపు తిరగేసి చూసింది. మెడలో రెండు వేళ్లు పెట్టి సాగదీసింది.

"బిగుతు," అంది. తర్వాత వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది. "ఇంగా గొడుగు కమ్మితోనే అల్లతాండాదే!"

మీకెట్ల తెలిసిందని అడిగాను. వేలు పెట్టి చూపించింది. ఒక వరస బిగుతు, ఒక వరస వదులు, మళ్లీ బిగుతు, మళ్లీ వదులు. సన్నసూది వరస, లావు కమ్మి వరస. ఒకసారి చూపించాక ఇక వేరేది కంటికి కనబడదు.

"పెద్దామెకు ఏమైనా చెప్పమంటారా?"

"ఏముండాది సెప్పేకి?" అని మడిచి చంకలో పెట్టుకుని పోయింది.

శివరాత్రి తర్వాత అదే గుడ్డ సంచి కుప్పంలో నా చేతికి వచ్చింది. పుంగనూరులో ఇచ్చాను. పెద్దామె విప్పి చూసింది. లోపల స్వెట్టర్ లేదు. ఏ రంగుకు ఆ రంగు విడదీసి కట్టిన చిలపలు ఉన్నాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కుంకుడుకాయ," అంది. "ఇప్పేసి, ఉతికి పంపినాది."

కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. బెంచీ మీద జరిగి కూర్చుంది.

"సేతులు సాపు."

ఆ రోజు మొదటిసారి నన్ను అడగకుండా తనే చెప్పింది. అక్కచెల్లెళ్లు ఇద్దరూ అన్నదమ్ములకే ఇచ్చి చేసిన కోడళ్లు. పుంగనూరు దగ్గరి పల్లెలో ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. చెనక్కాయ చేను, గొర్రెలు. ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ చలికి పెద్దామే అల్లేది, చిన్నామె చిలపలు పట్టుకునేది. తర్వాత బోరు నీళ్ల వంతుల దగ్గర అన్నదమ్ములకు మాట పెరిగింది. ఆస్తి పాలు పంచడానికి పెద్దమనిషి వచ్చాడు. పొలం పంచాడు, గొర్రెలు పంచాడు. ఇద్దరు కోడళ్లూ సూదుల జోడీ దగ్గర ఆగిపోయారు. అల్లేది నేను కాబట్టి నావి అని ఒకరు, మా నాయన తిరునాళ్లలో కొనిచ్చింది నాకు కాబట్టి నావి అని ఒకరు. పొద్దు గూకుతోంది, పెద్దమనిషికి ఆకలేస్తోంది. జోడీ విడదీసి చెరొకటి చేతిలో పెట్టాడు. "తీసుకోండి, ఇంగ నోర్లు మూయండి," అన్నాడు. వాళ్లు అక్షరాలా అదే చేశారు. అప్పటి నుంచి మాటల్లేవు.

చిన్నామె కొడుకుకు కుప్పంలో ఉద్యోగం దొరికి కాపురం అక్కడికి మారింది. కొన్నేళ్లకు చిన్నామె భర్త పోయాడు. భర్త పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్లు బట్ట పెట్టాలి. వీళ్లకు అమ్మానాన్నలు లేరు, అన్నదమ్ములు లేరు. పుట్టిల్లంటే మిగిలింది అక్క ఒక్కటే. మాటల్లేని అక్క చీర తీసుకుని ఆ గడప ఎట్లా తొక్కుతుంది? అందుకని స్వెట్టర్ అల్లి పంపింది. అది విప్పేసి వచ్చింది. మరుసటి ఏడు మళ్లీ అల్లింది. నేను ఆ రూటుకు వచ్చేటప్పటికే కొన్నేళ్లుగా ఇదే జరుగుతోందట. నాకు ముందు మోసిన కండక్టరు రిటైరయ్యాడు.

"ఫోన్లో మాట్లాడొచ్చు గదమ్మా," అన్నాను.

"మాట్లాడేదుంటే గదా!" అంది. కొంచెం సేపు ఉండ చుట్టి, మళ్లీ అంది. "ఒక్కసారి ఇప్పకుండా ఉంచుకుంటే సాలప్పా. తొడుక్కోకపోయినా సరే. పెట్టెలో ఏసి తాళమేసుకున్నా సరే. పుట్టింటి బట్ట దానికి సేరినట్టే."

ఆ తర్వాత ఏటా నేను చూసింది ఇదే. చలికి స్వెట్టర్ పోయేది, ఎండలు ముదరకముందే చిలపలు వచ్చేవి. చిన్నామె ప్రతిసారీ ఒక తప్పు పట్టేది. ఒక ఏడు మెడ బిగుతు, ఒక ఏడు చేతులు పొట్టి, మళ్లీ మెడ బిగుతు. వచ్చిన పార్శిల్ చెయ్యి పెట్టి చూడకుండా ఆమె ఎన్నడూ పోలేదు. పెద్దామె నన్ను అడిగేది. "లావైనాదా, సన్నమైనాదా? సరిగ్గా సూసి రా." పరాయి ఆడవాళ్లను అట్లా చూస్తే బస్టాండులో తంతారని చెప్పాను. "నా సెల్లెలు తన్నదులే. తన్నినా దాని సెయ్యి ఎంత పొడుగుండాదో నీకు తెలస్తాది," అంది.

సంచులు మోస్తాను గానీ మాటలు మోయకూడదని నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. పెద్దామె ముందు అది నిలబడలేదు. చేతులకు చిలప ఎక్కాక ఏ కట్టుబాటూ నిలబడదు. చిన్నామె కుప్పంలో అన్నది ఒకసారి నా నోటి నుంచి రానే వచ్చింది. "పుట్టింటి బట్టంటే కొత్తది పెడతారు. మిగిలిపోయిన దారాలతో సేసి పంపతారా ఎవరైనా? నేను మిగిలిపోయినదాన్నా?"

పెద్దామె చెయ్యి ఆగింది.

"కొత్త ఊలు అంగట్లో యెవరైనా కొంటారు. ఇవి యాడ దొరకతాయి?" నా చేతుల మీదిదీ తన ఒడిలోవీ చిలపలు ఒక్కొక్కటే పట్టి చూపింది. "ఈ కాసాయం రంగు మా ఆయప్ప మప్లరుది. ఈ పసుపు నా కొడుకు టోపీలో మిగిలినాది. ఈ నీలం దాని మొగుని స్వెట్టరుది. పచ్చ, దాని కొడుకుది. అది అయిపోయినాది ఎప్పుడో, ఒక సార కూడా రాదు. ఒక పొయ్యి మీద వండుకున్నప్పటి రంగులివి. దానికి తెలీదా? తెలుసు. తెలిసే ఇప్పతాది."

ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో అల్లికల మీద ఒక పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, పేజీలు చెదలు తిన్నాయి. అందులో చదివేదాకా నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. స్వెట్టర్ విప్పితే వచ్చే దారం వంకీలు తిరిగి ఉంటుంది. అట్లాగే ఉండ చుడితే మళ్లీ అల్లినప్పుడు గుడ్డ గరుకుగా వస్తుంది. దాన్ని చిలపగా చుట్టాలి, నానబెట్టాలి, ఉతకాలి, నీడలో వేలాడదీసి కింద బరువు కట్టాలి. ఆరేదాకా ఉంచాలి. రంగుకు రంగుగా ఇదంతా చెయ్యాలి. చిన్నామె ప్రతి ఏడూ అదంతా చేసింది. కోపంతో తిప్పి పంపేవాళ్లు చిక్కు చిక్కుగా సంచిలో కుక్కి పంపుతారు. ఆమె పంపే చిలపలు కొత్తవాటికన్నా నున్నగా ఉండేవి. ఇది కనిపెట్టానన్న సంతోషంతో ఆ పూట ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. "ఇదొక్కటి మంచి పుస్తకం," అంది.

సూది సంగతి మాత్రం కదల్లేదు. చిన్నామె తన వంతు సూదిని తుప్పు పట్టకుండా బియ్యం డబ్బాలో పెట్టుకుంది. "కావాలంటే అడగమను. ఇస్తా," అని కుప్పంలో అన్నది. ఈ మాట పుంగనూరుకు చేర్చాను. "ఇయ్యమను. పుచ్చుకుంటా," అని జవాబు. ఒకరు అడగాలి, ఒకరు ఇవ్వాలి. రెండేళ్లు అక్కడే ఆగింది.

ఆ తర్వాత పెద్దామె కోడలు రమ చేతిలో ఒక పొరపాటు జరిగింది. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వీధిలోకి వచ్చింది. ఉగాదికి ఇల్లు సర్దుతున్న రమ చిరిగిన ప్యాంట్లు, పాత చీరలు తీసింది. అటక మీద ఒక గుడ్డ సంచి కనబడింది. లోపల రంగు రంగుల ఉండలు, సగం అల్లిన ముక్క. సూదులు మాత్రం పెద్దామె తీసి వెంట పట్టుకుపోయింది. పాత స్వెట్టర్ల పీలికలనుకుని అదీ ఇచ్చేసింది. మూతతో ఉన్న స్టీలు డబ్బా ఒకటి వచ్చింది.

పెద్దామె మదనపల్లె నుంచి తిరిగి వచ్చేసరికి ఆ సామాన్లామె ఏ ఊరు పోయిందో తెలియలేదు. రమ ఏడ్చింది. పెద్దామె తిట్టలేదు. డబ్బా అడిగి తీసుకుని, వంటింటి గడప పక్కన గూట్లో, రమ రోజూ చూడక తప్పనిచోట పెట్టింది.

"అత్తా, అది పప్పులకు పనికొస్తాది," అని రమ అడిగిందట కొన్నాళ్లకు.

"నేను సచ్చినాక ఏసుకో పప్పులు," అందట.

ఆ చలికి స్వెట్టర్ పోలేదు. కుప్పంలో చిన్నామె బస్టాండుకు వచ్చింది. ఫోన్ రాకుండానే వచ్చింది. నేను చేతులు ఊపి ఏమీ లేదన్నాను. మళ్లీ ఒకరోజు వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు బస్సు మెట్టు దగ్గర నిలబడి అడిగింది.

"ఏమప్పా, ఆమెకు ఒళ్లు బాగుండాదా?"

నేను ఆ రూటులో ఉన్నంత కాలంలో అక్క గురించి ఆమె అడిగిన మొదటి మాట అది. జరిగింది చెప్పాను. వింది, కొంగు సర్దుకుంది, పోయింది. కొన్నాళ్లకు చిన్న పొట్లం తెచ్చి ఇచ్చింది. పచ్చ ఊలు.

"నేనిచ్చినానని సెప్పాకు."

"మరి ఎవరిచ్చారని చెప్పేది?"

"సూస్తే తెలస్తాది."

పుంగనూరులో పెద్దామె పొట్లం విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి కుంకుడుకాయ వాసన రాలేదు. నాకు కూడా అందింది, కర్పూరపు బిళ్లల వాసన. బట్టల పెట్టెలో చాలాకాలం ఉన్నదాని వాసన. కొడుకు చిన్నప్పుడు పెద్దామె అల్లిన పచ్చ స్వెట్టర్‌ను చిన్నామె అన్నేళ్లూ విప్పకుండా దాచుకుంది. ఇప్పుడు విప్పింది, అక్కకు మొదలుపెట్టడానికి దారం లేదని.

పెద్దామె ఆ పూట నన్ను చేతులు చాపమనలేదు. ఉండను కొంగులో ముడేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి పోయింది.

పచ్చ ఒక్కటే చాలదు గదా. మదనపల్లెలో మిషను మీద బడి స్వెట్టర్లు అల్లే నూర్జాన్ దగ్గరికి పోయి మిగిలిన ఊలు అడిగి తెచ్చుకుంది. మెరూను, నేవీ బ్లూ, బూడిద, సీసా పచ్చ. పాత రంగులు ఇక లేవు. బస్సులో వాటిని ఒడిలో పోసుకుని చూస్తుంటే రెడ్డెప్ప అద్దంలో చూసి అన్నాడు.

"ఏందవ్వా, మదనపల్లె ఇస్కూళ్లన్నీ ఒక స్వెట్టరులో సేర్పిస్తాండావే!"

"మా సెల్లెలికి సదువు తక్కువప్పా. ఏదో ఒక ఇస్కూలు పట్టుకుంటాదేమో సూద్దాం," అంది.

ఆ ఏడంతా మెల్లగా అల్లింది. వేళ్లు బిగుసుకుంటున్నాయి అనేది. పచ్చను ఎక్కడ వేసిందో చూశాను. గుండె దగ్గరా కాదు, మెడ దగ్గరా కాదు. అడుగున, నడుము పట్టీలో. అక్కడైతే సాగినా తెగదని చెప్పింది. మాఘంలో ఒకరోజు బెంచీ మీద కనబడి, "ఒక సెయ్యి మిగిలినాది" అంది. మరుసటి వారం బెంచీ ఖాళీగా ఉంది. నిద్రలోనే పోయిందని టీ కొట్టులో చెప్పారు.

చిన్నామె కుప్పంలో మొదటి ట్రిప్పుకే ఎక్కింది. ముందు సీట్లో కూర్చుంది. ఒడిలో చేతిసంచి. ఏడవలేదు. వెంకటగిరికోటలో బస్సు ఆగినప్పుడు అడిగింది.

"స్వెట్టరు అయినాదా?"

"ఒక చెయ్యి మిగిలిందని చెప్పిందమ్మా."

పుంగనూరు వచ్చేదాకా చేతిసంచి మీది చెయ్యి తియ్యలేదు.

మూడో దినం కార్యానికి నాకు డ్యూటీ లేదు, పోయాను. భోజనాలయ్యాక రమ ఆ స్టీలు డబ్బా తెచ్చి చిన్నామె ముందు పెట్టింది. మూత తీస్తే స్వెట్టర్ ఉంది. ఎడమ చెయ్యి భుజం నుంచి మోచెయ్యి దాకా వచ్చి ఆగింది. వరస ఉక్కు సూది మీద ఉంది, గొడుగు కమ్మి పక్కన ఉంది. బూడిదరంగు చిలప ఒకటి మిగిలింది.

అక్కడున్న ఆడవాళ్లందరికీ సంగతి తెలుసు. చిన్నామె స్వెట్టర్‌ను తిరగేసింది. మెడలో రెండు వేళ్లు పెట్టింది. నడుము పట్టీ దగ్గర పచ్చ చార కనబడగానే వేలు దానిమీద ఆగింది. తర్వాత సూది మీది వరసను బొటనవేలితో ఒకసారి తోసింది. ఆ వేలు ఇంకొంచెం తోస్తే అల్లిక ఉచ్చులు సూది మీంచి జారిపోతాయి, లాగితే అంతా ఊడివస్తుంది. అన్నేళ్లుగా ఆమె చేసింది అదే పని. రమ కళ్లు మూసుకుంది.

చిన్నామె వేలు తీసేసింది. చేతిసంచిలోంచి తన సూది తీసింది. బియ్యప్పిండి అంటుకుని ఉంది. కొంగుతో తుడిచింది.

"దీన్ని ఆమె పక్కన పెట్టి పంపేద్దామని తెచ్చినా," అంది. "నేనొచ్చేలోపే ఎత్తేసినారు." గొడుగు కమ్మిని డబ్బాలో పడేసింది. తర్వాత చుట్టూ చూసి, నా మీద కళ్లు నిలిపింది. "ఏమప్పా కండక్టరప్పా, సేతులు ఖాళీగా ఉండాయా?"

చాపాను. బూడిద చిలప తగిలించి ఉండ చుట్టింది. నా సంగతులేవీ అడగలేదు. వాళ్లక్క నా దగ్గర ఏమేం అడిగేదో అది మాత్రం అడిగింది. చెప్పాను. లావైందో సన్నమైందో చూసి రమ్మనేదని చెప్పినప్పుడు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది. ఉండ చుట్టడం ఆపలేదు.

పెద్దకార్యం దాకా ఆ ఇంట్లోనే ఉండి చెయ్యి పూర్తి చేసిందని రమ చెప్పింది.

ఈ చలికాలం ఏడాది కార్యానికి చిన్నామె మళ్లీ నా బస్సు ఎక్కింది. స్వెట్టర్ తొడుక్కుంది. టికెట్ కొడుతూ ఎడమ చెయ్యి చూశాను. మోచెయ్యి దాకా ఒక వరస బిగుతు, ఒక వరస వదులు. అక్కడి నుంచి మణికట్టు దాకా అన్నీ సమం. తెలియనివాళ్లకు చారలే కనిపిస్తాయి. నాకు మోచెయ్యి దగ్గర ఆ రెండు అల్లికలూ కలిసే గీత ఒక్కటే కనిపించింది.

"మెడ ఎట్లుందమ్మా?"

"బిగుతే. ఎప్పుడు సరిగ్గా అల్లినాది గనక?"

"విప్పుతారా?"

కిటికీ అద్దం మూసుకుంది.

"ఇప్పి యెవరికి పంపేదప్పా?" అంది. "పుంగనూరుకు ఒకటి కొట్టు."

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లున్నారు. నేను చూడని సంగతులు దాచకుండా చెప్పి, ఆ స్టీలు డబ్బాలో ఇప్పటికీ పప్పులు పోయని రమకు, ఊలు గురించి తెలియనివి చెప్పిన మదనపల్లె నూర్జాన్‌కు, నా చేతులు ఖాళీ అయ్యేదాకా బస్సు కదపకుండా హారన్ మాత్రం కొట్టిన రెడ్డెప్పకు, అట్ట ఊడిన పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గరే ఉండనిచ్చిన గ్రంథాలయం సుబ్బరత్నమ్మకు, అట్టం మీది నుంచి పుస్తకాలు దించుకోనిచ్చిన నా భార్య సరోజకు కృతజ్ఞతలు.

అక్కచెల్లెళ్లకు కూడా పేరుపేరునా చెప్పాలి. కానీ ఎవరి పేరు ముందు రాసినా రెండోవారు ఒప్పుకోరు. ఆ తగవు తీర్చడానికి వచ్చిన పెద్దమనిషి ఏం చేశాడో నాకు తెలుసు కాబట్టి, నేను ఆ పని పెట్టుకోవడం లేదు.